మైదానంలో ఎవరూ లేరని రాశాను

పట్టణ ప్రణాళిక విభాగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రూల్స్ పుస్తకం చంకలో పెట్టుకుని వస్తారు. ఎంత వెడల్పు రోడ్డుకు ఎన్ని అంతస్తులు, ఇంటి చుట్టూ ఎంత జాగ వదలాలి, ఇవన్నీ ఇప్పుడు నాకంటే వాళ్లకే బాగా తెలుసు. అందుకని నేను పుస్తకంలో లేని ఉద్యోగం గురించి చెబుతాను. వాళ్లు టీ తాగి, తలూపి వెళ్లిపోతారు. సగం చెవికెక్కుతుంది, సగం గాలికి పోతుంది. ఈసారి కాగితం మీద పెడుతున్నాను.

నేను ట్రేసర్‌గా చేరాను. అంటే పెద్దవాళ్లు గీసిన మ్యాపు మీద పల్చటి కాగితం పరిచి, అదే గీత మళ్లీ గీసే ఉద్యోగం. దిగిపోయేనాటికి టౌన్ ప్లానింగ్ ఆఫీసర్‌ని. మధ్యలో ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానో నాకే సరిగ్గా గుర్తులేదు, మీకెందుకు? మాది బొంతపల్లి పక్కన ఒక పల్లె. సర్వీసంతా పటాన్‌చెరు, సంగారెడ్డిల మధ్య, ముంబై రోడ్డుకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలోనే గడిచింది. ఫ్యాక్టరీలు వచ్చిన ఊళ్లు, ఫ్యాక్టరీల వెనక బస్తీలు వచ్చిన ఊళ్లు, ఆ వెనకే ప్లాట్లు వచ్చిన ఊళ్లు.

మన ఉద్యోగం గీతలు గీయడం అనుకుంటారు. కాదు. "కుదరదు" అని చెప్పడం మన ఉద్యోగం. అదీ మర్యాదగా, రోజుకు ఇరవైసార్లు, మళ్లీ మర్నాడు అదే మనిషికి. ఆ పనిలో నేను గట్టిదాన్ని. ఈ మాట చెప్పుకోవడానికి నాకు సిగ్గులేదు. పక్క ఊళ్లలో లేఅవుట్లు వేసేవాళ్లు నా పేరు వినగానే మొహం చిట్లించేవాళ్లు, దాన్ని నేను అవార్డు కిందే లెక్కేసుకున్నాను. అంత గట్టిదాన్ని ఒకసారి ఒక రిజిస్టర్‌లో మూడు మాటలు తప్పు రాశాను. ఆ మూడు మాటల వల్ల అప్పుడు నేను పనిచేస్తున్న ఊరికి మిగిలిన ఒకే ఒక్క మైదానం చేజారిపోబోయింది. ఒక మనిషి నిద్ర కూడా దాంతోపాటే పోబోయింది. ఆ సంగతే రాస్తున్నాను. ఊరి పేరు రాయను, మనుషుల పేర్లు మార్చాను.

రహీమ్ సాబ్ నేర్పింది

నా మొదటి పై అధికారి రహీమ్ సాబ్. సన్నగా పొడుగ్గా ఉండేవారు. మండుటెండలో కూడా ముంజేతుల దాకా బొత్తాలు పెట్టుకునేవారు. నేను చేరిన వారానికే ఒక మ్యాపు ముత్యాల్లాంటి అక్షరాలతో గీసి ఆయన ముందు పెట్టాను. మెచ్చుకుంటారని నిలబడ్డాను.

"మంచిగ గీసినవు బేటీ. ఈ జాగల నడిచినవా?"

"లేదు సార్."

"అయితే నువ్వు గీసింది జాగ కాదు. కాయితం." మ్యాపు మడిచి నా చేతికిచ్చారు. "పద, నడుద్దాం."

ఆ రోజు చెప్పు తెగింది. ఒక చెప్పు చేత్తో పట్టుకుని, ఒంటి చెప్పుతో హద్దంతా తిరిగాను. ఆయన ఆగలేదు, వెనక్కి తిరిగి చూడలేదు. ఆ రోజు ఆయన్ని మనసులో తిట్టుకున్నంతగా ఇంకెవర్నీ తిట్టుకోలేదు. ఆయన పద్ధతి ఇది: హద్దు మొత్తం కాలితో తిరగాలి, నాలుగు మూలలా నిలబడాలి, ఒక్కో మూలలో ఆ జాగతో లాభం నష్టం లేని మనిషిని ఒకర్ని పట్టుకుని మాట్లాడాలి. ముప్పై ఏళ్లకు పైగా నేను ఈ పద్ధతి తప్పలేదు. మీరూ తప్పకండి.

అయితే ఆయన ఒక సంగతి చెప్పలేదు. ఏ వేళప్పుడు నడవాలో చెప్పలేదు. ఆయన కాలంలో చెప్పాల్సిన పని లేదు. అప్పుడు ఊరంతా పొద్దున లేచి రాత్రి పడుకునేది.

గుంతలో పార్కు

లేఅవుట్ వేసేవాడు జాగలో కొంత వంతు ఊరికి వదలాలని రూలు. వదులుతాడు. ఎక్కడ వదులుతాడు? హైటెన్షన్ తీగల కింద, నాలా అంచున, ప్లాట్లు కోయగా మిగిలిన ముక్కోణంలో. ఒకాయన మ్యాపులో పచ్చరంగు పూసి "పిల్లల పార్కు" అని రాసి తెచ్చాడు. వెళ్లి చూస్తే రాయి తీసి వదిలేసిన క్వారీ గుంత. అడుగున పచ్చటి నీళ్లు.

"ఇదేం పార్కయ్యా?" అన్నాను.

"స్విమ్మింగ్ పూల్ అనుకోన్రి మేడం. పిల్లలు ఈత నేర్సుకుంటరు."

నవ్వు వచ్చింది. ఫైలు మాత్రం వెనక్కి పంపాను. తర్వాత నెల రోజులు నాకు ఫోన్లు వచ్చాయి, కొన్ని చాలా పెద్దవాళ్ల దగ్గర్నుంచి. చివరికి రోడ్డు మీది మంచి ప్లాట్లు రెండు వదిలాడు. కానీ ఇలాంటివి నేను పది ఆపితే నాకు ముందో, సెలవులో ఉన్నప్పుడో ఇరవై దాటిపోయాయి. అమీన్‌పూర్ వైపు కొత్త అపార్ట్‌మెంట్లలో చెరువు కనిపించే బాల్కనీకి విడిగా ధర కడతారు. మా బస్తీల్లో కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. రికార్డుల్లో మా ఊరికి బోలెడు పార్కులు. పిల్లవాడు దూరం నుంచి పరిగెత్తుకొచ్చి బంతి వేసేంత జాగ మాత్రం ఒక్కటే ఉండేది. అది ఊరిది కాదు. వీరేశం సేటుది.

సేటు జాగ, నా మూడు మాటలు

వీరేశం సేటుకు సంగారెడ్డి మార్కెట్లో ధాన్యం దుకాణం. ఆయన తండ్రి ఎప్పుడో గోదాము కడదామని మా ఊళ్లో నాలుగెకరాలు కొన్నాడు, కట్టలేదు. అప్పుడు మాది పంచాయతీ. ఆయనా, అప్పటి సర్పంచూ కూర్చుని ఒక తీర్మానం రాసుకున్నారు. జాగకు గోడ కట్టకుండా అందర్నీ రానిస్తే పన్ను పుస్తకంలో దాన్ని బహిరంగ స్థలం కింద రాసి నామమాత్రం పన్ను వేస్తారు. బదులుగా, ఎప్పుడు అమ్మినా ముందు ఊరిని అడగాలి. కొంటుందో లేదో ఊరు మూడు నెలల్లో చెప్పాలి. పంచాయతీ మున్సిపాలిటీ అయ్యాక కూడా ఆ తీర్మానం నడుస్తూనే వచ్చింది. ఏటా మా విభాగం వాళ్లు వెళ్లి చూసి, ప్రజలు జాగను వాడుతున్నారో లేదో రిజిస్టర్‌లో రాయాలి. వాడకం లేదంటే అది మామూలు ఖాళీ ప్లాటు. పూర్తి పన్ను పడుతుంది, ఊరి హక్కు పోతుంది.

నాకు ముందు పనిచేసినవాళ్లు ఆఫీసులోనే కూర్చుని ఏటా "వాడకం కలదు" అని రాసేశారు. నాకది నచ్చలేదు. ఒక ఎండాకాలం పదకొండు గంటలకు స్వయంగా వెళ్లాను. హద్దంతా నడిచాను. నాలుగు మూలలా నిలబడ్డాను. మాట్లాడదామంటే ఒక్క మనిషి లేడు. ఎండకు నేల కాలుతోంది. అరిగిపోయిన టెన్నిస్ బంతి ఒకటి, చిరిగిన చెప్పు ఒకటి కనిపించాయి. వాటిని చూశాను కూడా. చూసి, అవి ఎవరివని అడగకుండా, జీపెక్కి వచ్చి రిజిస్టర్‌లో రాశాను: ప్రజల వాడకం లేదు.

రాసి సంతకం పెట్టినప్పుడు నాకు గర్వంగా కూడా ఉంది. ఇన్నేళ్లకు ఒకరు వెళ్లి చూసి నిజం రాశారు అనుకున్నాను. వాళ్లు చూడకుండా నిజం రాశారు, నేను చూసి అబద్ధం రాశాను.

ఏడాది తిరక్కుండానే ఆ జాగ మీద ప్లాట్లు వేసే కంపెనీ కన్ను పడింది. వాళ్ల లాయరు మా రిజిస్టర్ నకలు తీయించి, ఊరి హక్కు ఎప్పుడో పోయిందని సేటుకు చెప్పాడు. అయినా సేటు మా ఆఫీసుకు వచ్చాడు. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"ఎవ్వరు వాడ్తలేరని మీరే రాసిన్రు మేడం. రాసినందుకు నాకు పన్ను పెంచి నోటీసు పంపిన్రు. కట్టిన. పన్ను కాడ ఖాళీ ప్లాటు, అమ్మెటప్పుడు ఊరి జాగనా? ఒక్క జాగకు రెండు పేర్లుంటయా?"

ఆయనే మళ్లీ అన్నాడు. "మిమ్మల్ని అడుగుడు అక్కర లేదని లాయరు అంటుండు. గని మా నాయిన మాటిచ్చిండు. దుకాన్ల కూసున్నోనికి మాటే పెట్టుబడి. మూడు నెలలు ఆగుత. కంపెనోళ్లు ఇచ్చే ధరే మీకు. ఔనో కాదో చెప్పున్రి, నాన్సకున్రి."

వ్యాపారస్తుల గురించి తేలిగ్గా మాట్లాడేవాళ్లకు నేను ఈ సేటు సంగతి చెబుతుంటాను.

అప్పటి మా మున్సిపల్ ఛైర్మన్ నర్సింలు. ఆ ఊరి పాత కుటుంబం వాడు. పొలాలు ఫ్యాక్టరీలకు పోయాక వచ్చిన డబ్బుతో ఎదిగినవాడు. ఆయనకు బస్టాండు పక్కన షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని ఉంది. నిధులు ఒక్కదానికే సరిపోతాయి. నన్ను పిలిచి, రిజిస్టర్ తెరిచి, నా మూడు మాటల మీద వేలు పెట్టాడు.

"మన ఆఫీసరే వాడకం లేదని రాస్తే, ప్రజల పైసలు పెట్టి ఎట్ల కొంటం మేడం? రేపు ఆడిటోళ్లు అడిగితే నేనేం చెప్పాలె?"

ఆ మాటలో తప్పేం లేదు. ఆ రాత ఉన్నంతకాలం ఊరు ఆ జాగ కొనలేదు.

"ఎన్ని గొట్టంగ వొయిన్రు?"

లాయరు నకలు తీయించాక సంగతి ఊరంతా పాకింది. ఒకరోజు ఒకామె నా టేబుల్ ముందుకు వచ్చి నిలబడింది. ముప్పై ఏళ్లుంటాయి. చేతిలో సగం కుట్టిన చీర, సూది అందులోనే గుచ్చి ఉంది. పేరు ఈశ్వరమ్మ అంది. సేటు జాగ వెనక బస్తీలో ఉంటుంది.

"ఆ జాగల ఎవ్వరుండరని మీరే రాసిన్రంట గద మేడం?"

"నేను వెళ్లినప్పుడు ఎవరూ లేరమ్మా."

"ఎన్ని గొట్టంగ వొయిన్రు?"

"పదకొండు గంటలకు."

ఆమె నవ్వింది. వెక్కిరింపు నవ్వే. "పదకొండు గొట్టంగ మా బస్తీల కుక్క గూడ మొరగది మేడం. మొరిగితే రాయి పట్టుకొని ఉరుకుతం."

ఎందుకని అడిగాను. కూర్చోమనకుండానే కూర్చుని చెప్పింది. ఆమె భర్త ఒక ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పనిచేస్తాడు. ఎప్పుడూ నైట్ షిఫ్టే. ఉండేది ఒక్క గది. ముగ్గురు పిల్లలు. పొద్దున ఏడుకు అతను వచ్చి పడుకుంటే, ఆమె పిల్లల్ని తీసుకుని సేటు జాగకు వెళ్లిపోతుంది. అక్కడే కూర్చుని చీరలకు ఫాల్ కుడుతుంది. ఇంట్లో మిషను ఉంది కానీ దాని చప్పుడుకు అతను లేస్తాడు. ఎండెక్కాక పెద్దవాళ్లిద్దరినీ బడికి, చిన్నవాణ్ని అంగన్‌వాడీకి పంపి, తను గడప బయట నీడలో కూర్చుంటుంది. బడి వదిలాక మళ్లీ అందరూ ఆ జాగకే.

"ఆయన లేసేదాక పోరగాండ్లను ఇంట్ల అడుగు వెట్టనియ్య. నేనొక్కదాన్నే కాదు, మా గల్లీల అందరం గంతే. మొన్న వానకాలం పిల్లలకు జెరాలొచ్చినయి. వారం దినాలు బయటికి తీస్కపోలే. ఆయనకు కన్ను మూతవడలే. డ్యూటీల కునుకు తీసిండని కాయితం చేతిల వెట్టిన్రు. ఇంకొక్కసారి దొరికితే గేటు బయటనే అన్నరు." ఆగి, గొంతు తగ్గించింది. "కొలువు పోతే ఇంకోటి సూస్కుంటడు మేడం. బాయిలర్ కాడ కునుకు అంటే ఏందో మీకెరుకనా?"

నాకు తెలుసు. బాయిలర్ పేలుళ్లు చూసిన ఈ ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్లెవరికైనా తెలుసు.

"మా ఆయన నిద్ర ఆ జాగల ఉన్నది. దాన్ని ప్లాట్లు చేస్తే ఆయన ఏడ పండుకోవాలె?"

"సరేనమ్మా, చూస్తాను," అన్నాను. మన ఆఫీసుల్లో చూస్తాను అంటే అర్థం ఏమిటో ఆమెకూ తెలుసు. అందుకే లేవలేదు.

"ఇయ్యాల నాలుగు గొట్టంగ రాన్రి. నేను ఆడనే ఉంట."

వెళ్లాను. జీపు దిగి అక్కడే నిలబడిపోయాను. ఒకదానిలోంచి ఒకటి రెండు క్రికెట్ ఆటలు నడుస్తున్నాయి, ఎవరి బంతి ఎవరిదో వాళ్లకే తెలియాలి. ఆడపిల్లలు ఖోఖో ఆడుతున్నారు. పక్కనున్న వేరేవాళ్ల గోదాము గోడ నీడన వరసగా ఆడవాళ్లు, ఒకరు కూర తుంచుతూ, ఒకరు బియ్యం ఏరుతూ, ఒకరు పిల్లకు పేలు చూస్తూ. ఇంకో మూల పొద్దుటి షిఫ్టు దిగి వచ్చిన ఒడిశా, బీహార్ కుర్రవాళ్లు సంచులు తలకింద పెట్టుకుని పడుకున్నారు. నేను ఏడాది కింద రాసిన మాటలు ఆ అరుపుల మధ్య గుర్తొచ్చాయి. ఈశ్వరమ్మ దూరం నుంచి చెయ్యి ఊపింది. దగ్గరకు రాలేదు.

రెండు రోజులు

ఇక్కడ నా గొప్ప చెప్పుకోవడానికి ఏమీ లేదు. వెంటనే వెళ్లి తప్పు ఒప్పుకున్నానని రాయాలని ఉంది కానీ అది నిజం కాదు. రెండు రోజులు నా తప్పును తప్పులా కనిపించకుండా చేసే వాక్యం కోసం వెతికాను. "పరిశీలన సమయమున" అని మొదలుపెట్టాను. "తాత్కాలికముగా" అని ఒకటి చేర్చాను. "స్థానికుల నుండి తదుపరి అందిన సమాచారము మేరకు" అని ఇంకోటి. ఇలాంటి వాక్యాలు రాయడంలో మనవాళ్లకు మించినవాళ్లు లేరు. నాలుగు కాగితాలు రాశాను, నాలుగూ చింపాను. ఎలా రాసినా చదివినవాడికి అది ఒక ఆఫీసర్ తనను తాను కాపాడుకుంటున్న వాక్యంలాగే ఉంది. అలాంటి వాక్యాన్ని లాయరు ఒక్క నిమిషంలో పీకి పారేస్తాడు.

కమిషనర్ దగ్గరకు వెళ్లాను. నా కూతురి వయసు అతనిది. జాగ్రత్తపరుడు. నేను చాలామంది దగ్గర పనిచేశాను. కొందరు ధైర్యవంతులు, వాళ్ల ధైర్యానికి మూల్యం వాళ్ల కింద పనిచేసేవాళ్లు కట్టేవాళ్లు. ఈ అబ్బాయి అలాంటివాడు కాదు. ఉన్నదున్నట్టు చెప్పేవాడు.

"మేడం, మీ రాత తప్పని మీరే ఒప్పుకుంటే కౌన్సిల్ దాన్ని దిద్దొచ్చు. కానీ నేను మెమో ఇవ్వాల్సి వస్తుంది. మీకు రెండేళ్ల సర్వీసు మిగిలింది. ఆలోచించుకోండి."

"ఆలోచించుకునే వచ్చాను సార్."

"సరే. అయితే ఛైర్మన్ గారికి ఒకసారి ఆ జాగ చూపించండి. కాగితం మీద చెబితే ఆయన వినరు."

పిల్లలూ, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు నేను ఆ వారమంతా నేర్చుకున్నది ఇదే: తప్పును తప్పు అని రాస్తేనే దాన్ని దిద్దడానికి వీలవుతుంది.

పొద్దున ఆరున్నర

ఛైర్మన్‌ను పొద్దున ఆరున్నరకు రమ్మన్నాను. మఫ్లర్ చుట్టుకుని, ఆవలిస్తూ వచ్చాడు.

"గింత పొద్దుగాల ఎవరుంటరు మేడం? నన్ను పరేషాన్ చేసుడు తప్ప."

"పది నిమిషాలు నిలబడండి సార్."

కంపెనీ బస్సులు వచ్చాయి. నైట్ షిఫ్టు వాళ్లు నీలం యూనిఫారాల్లో దిగారు. పెళ్లాం పిల్లలున్నవాళ్లు గల్లీల్లోకి వెళ్లారు. కాసేపటికి ఆ గల్లీల్లోంచే ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని, నిద్రమొహాల పెద్ద పిల్లల్ని నడిపించుకుంటూ మైదానంలోకి వచ్చారు. ఒంటరి కుర్రవాళ్లు మాత్రం గదులకు వెళ్లనే లేదు. బస్సు దిగి నేరుగా మైదానంలోకి వచ్చి కూర్చున్నారు. ఒకడు టిఫిన్ డబ్బా మీద తల పెట్టి అప్పుడే గురక మొదలుపెట్టాడు.

ఛైర్మన్ ఒక కుర్రవాడి దగ్గరకు వెళ్లాడు. "ఏం తమ్మీ, డ్యూటీ అయిపోయింది గద. ఇంటికి పోక ఈడ కూసున్నవేంది?"

ఆ అబ్బాయిది ఒడిశా. మన మాటలు, హిందీ కలిపి మాట్లాడాడు. "బిస్తర్ ఖాళీ నై సాబ్. సెకండ్ షిఫ్టోడు పండుకున్నడు. ఆఠ్ బజే లేస్తడు. అప్పటిదాక ఈడనే."

"ఒక్క మంచమా ఇద్దరికి?"

"ఇద్దరు నై, ముగ్గురు. ఏక్ షిఫ్ట్‌కు ఏక్ ఆద్మీ."

"ఏ రూముల ఉంటవు?"

అబ్బాయి చెయ్యి చాపి, బస్తీ మధ్యలో ఉన్న మూడంతస్తుల ఆకుపచ్చ భవనం చూపించాడు. "ఓ హరా బిల్డింగ్. మాలిక్ అచ్ఛా ఆద్మీ నై సాబ్. ఒక్క రూముల తొమ్మిది మందిని వెట్టిండు. కిరాయి మాత్రం ఏక్ దిన్ భీ ఆగడు."

ఆ ఆకుపచ్చ భవనం ఛైర్మన్‌దే. కిరాయి వసూలు చేసేది ఆయన బామ్మర్ది, అందుకే ఆ అబ్బాయికి ఈయన తెలియదు. ఆయన కారు డ్రైవరు వెనక్కి తిరిగి దగ్గడం మొదలుపెట్టాడు. నేను నేల చూపులు చూశాను. సర్వీసు మొత్తంలో అంత కష్టపడి నవ్వు ఆపుకున్నది ఆ ఒక్కరోజే.

ఛైర్మన్ మైదానం ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి నడిచాడు. కారెక్కబోతూ అన్నాడు. "మీటింగ్ల ఏం చెప్పుకుంటరో చెప్పుకోన్రి మేడం, నేను అడ్డం రాను. గా బిల్డింగ్ సంగతి మాత్రం రాయకున్రి."

కౌన్సిల్‌కు పెట్టిన నోట్‌లో రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

మీటింగు

కౌన్సిల్ మీటింగులో లేచి నిలబడి, రిజిస్టర్‌లో నేను రాసింది చదివాను. అది తప్పని చెప్పాను. ఏ వేళప్పుడు వెళ్లానో, ఏ వేళప్పుడు వెళ్లాల్సిందో చెప్పాను. షాపింగ్ కాంప్లెక్స్ కావాలనుకునే కౌన్సిలర్ ఒకాయన లేచాడు.

"ఇన్నేండ్ల సర్వీసుల ఏ టైముకు పోయి సూడాల్నో మీకు తెల్వదా మేడం?"

"తెలియదు," అన్నాను. "ఇప్పుడు తెలిసింది."

ఛైర్మన్ గొంతు సవరించుకుని, రిజిస్టర్ దిద్దాలనీ, సేటు చెప్పిన ధరకు జాగ కొనాలనీ ప్రతిపాదించాడు. చేతులు లేచాయి. ఇద్దరు లేపలేదు.

అంతటితో అయిపోయిందనుకున్నాను. ఇంజినీరు ఒక డ్రాయింగు తీశాడు. చుట్టూ ప్రహరీ, ముందు గేటు, గేటుకు బోర్డు: పొద్దున అయిదు నుంచి తొమ్మిది, సాయంత్రం అయిదు నుంచి ఎనిమిది. ఇంకెక్కడైనా అది మంచి డ్రాయింగే. మన వాళ్లకు జాగ చేతికి రాగానే ముందు దానికి తాళం వేయాలనిపిస్తుంది. గోడ లేకపోతే ఆక్రమిస్తారని భయం, ఆ భయం అబద్ధం కాదు. కానీ బడి వదిలేది నాలుగుకు. పొద్దుటి షిఫ్టు దిగేది రెండుకు. గేటు అయిదుకు తెరిస్తే ఆ మధ్యలో పిల్లలు ఎక్కడుంటారు? ఇంట్లో ఉంటారు. ఇంట్లో నాన్న పడుకుని ఉంటాడు. మళ్లీ లేచి అదే చెప్పాను. ఆక్రమణ రాకుండా మూడు వైపులా గోడ కట్టండి, బస్తీ వైపు వదిలేయండి అన్నాను.

"బస్తీ దిక్కు గేటు వద్దు," అన్నాడు ఛైర్మన్. "గేటు వెడితే తాళం వెట్టాలె. తాళం చెవి ఎవని కాడ ఉండాలని రోజు లొల్లి. వద్దు. రాసుకోన్రి."

ఆయన ఆ ఆకుపచ్చ భవనంలో ఒక్క మంచం కూడా తగ్గించలేదు. ఆ సంగతీ రాయాలి. మంచి పని చేసిన ప్రతివాడూ మంచివాడైపోడు, చెడ్డవాడి చేత మంచి పని చేయించడం కూడా మన ఉద్యోగంలో భాగమే. షాపింగ్ కాంప్లెక్స్ ఇప్పటికీ కట్టలేదు, ఎవరూ అడగలేదు. కమిషనర్ చెప్పినట్టే నాకు మెమో ఇచ్చాడు. అది నా సర్వీసు పుస్తకంలో ఉంది. ఉండనీ. రిటైరయ్యేటప్పుడు ఇచ్చిన శాలువా ఎక్కడ పెట్టానో గుర్తులేదు కానీ ఆ మెమో నకలు మాత్రం దాచుకున్నాను.

చెప్పడానికి వెళ్లాను

మీటింగు అయ్యేసరికి పన్నెండు దాటింది. సంగతి ముందుగా నా నోటితోనే ఈశ్వరమ్మకు చెప్పాలనిపించింది. ఆఫీసు నుంచి బస్తీకి వెళ్లాను. గల్లీలో అన్ని తలుపులూ దగ్గరికి వేసి ఉన్నాయి. ప్రతి గడప ముందూ చెప్పుల జతలు. నా చెప్పుల చప్పుడు నాకే పెద్దగా వినిపించి, విప్పి చేత్తో పట్టుకున్నాను.

ఆమె గడప బయట కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. నన్ను చూడగానే నోటి మీద వేలు పెట్టింది. పరదా సందులోంచి లోపల మంచం మీద రెండు పాదాలు కనిపించాయి. పగిలిన మడమలు. టేబుల్ ఫ్యాన్ తిరుగుతోంది. ఆ మనిషి మొహం నేను అప్పటిదాకా చూడలేదు, ఇప్పటికీ చూడలేదు.

దగ్గరగా వంగి, ఆమె చెవిలో చెప్పాను. "కొన్నారు. గేటు కూడా లేదు."

నా ఉద్యోగంలో నేను చెప్పిన అతి పెద్ద మాట అది. అంత చిన్న గొంతుతో ఇంకే మాటా చెప్పలేదు. ఆమె నా రెండు చేతులూ పట్టుకుంది. వేళ్ల మధ్య సూది అలాగే ఉంది, అది నా అరచేతిలో గుచ్చుకుంది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం, ఇద్దరం చప్పుడు చేయలేదు. ఆమె కళ్లు నిండాయి. నాకూ ఏడుపు వచ్చింది. ఇద్దరం కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాం.

"ఆయనకు చెప్పవా?" అని గొణిగాను.

ఆమె పరదా సందు సరిచేసింది.

"కరెంటు వోయి ఇప్పటిదాక పొర్లిండు మేడం. ఇప్పుడే కన్నంటుకున్నది. లేసినంక చెప్త."